పల్నాటి బాటలు – 17: గన్నవరంలో ఆగిన విమానం, మాచర్లలో ఆగిన బస్సు

2017 ఫిబ్రవరి 28న ఎయిర్ కోస్టా విమానాలు ఆగిపోయాయి. విజయవాడ కేంద్రంగా, లింగమనేని వారి ఎల్.ఇ.పి.ఎల్. గ్రూపు పెట్టుబడితో 2013 అక్టోబరులో ఎగరడం మొదలుపెట్టిన సంస్థ అది. గన్నవరం నుంచి హైదరాబాదుకో బెంగళూరుకో గంటలో చేరిపోవచ్చని మనవాళ్లు సంబరపడ్డారు. నడుస్తున్నవి నాలుగైదు విమానాలే అయినా 2014 ఫిబ్రవరిలో సింగపూర్ ఎయిర్ షోకి వెళ్లి ఒకేసారి 50 కొత్త తరం ఎంబ్రాయర్ విమానాలకు ఆర్డరు పెట్టింది. రెండేళ్లు తిరిగేసరికి చేతిలో ఉన్న అద్దె విమానాలకే అద్దె కట్టలేని పరిస్థితి వచ్చింది. 2016 ఆగస్టులో, విమానాలు అద్దెకిచ్చిన కంపెనీతో పేచీ వచ్చి సర్వీసులు ఒకసారి నిలిచాయి. తర్వాత మళ్లీ నడిచాయి కానీ ఆర్నెల్లకే పూర్తిగా ఆగాయి. అందులో పనిచేసినవాళ్లకు జీతాలు బాకీ పడ్డాయి. పైలట్లు వేరే సంస్థలు చూసుకున్నారు. కౌంటర్లో కూర్చున్న పిల్లలు, సామాన్లు మోసినవాళ్లు, ఇంజనీర్ల దగ్గర సహాయకులుగా చేసినవాళ్లు ఎవరి దారి వారు వెతుక్కున్నారు. ఆ బాకీ గురించి అడగడానికి వాళ్లకంటూ గట్టి సంఘం లేదు, యాజమాన్యంతో రాసుకున్న జీతాల ఒప్పందం లేదు.

అంతకు ఇరవై రెండు నెలల ముందు, 2015 మే 6న తెల్లవారుజామున మాచర్ల డిపో నుంచి మొదటి బస్సు బయటికి రాలేదు. పిడుగురాళ్ల, సత్తెనపల్లి, నరసరావుపేట, వినుకొండ, చిలకలూరిపేట డిపోల్లోనూ అంతే. ఉమ్మడి ఆర్టీసీలో లక్షా ఇరవై వేల మంది వరకు ఉన్న కార్మికులు సమ్మెకు దిగారు. ఆ సంస్థ కూడా వేల కోట్ల నష్టాల్లోనే ఉంది. జీతాల నెల వచ్చిందంటే అప్పుల కోసం బ్యాంకుల గుమ్మాలెక్కుతోంది. అయినా ఎనిమిదో రోజున కార్మికులు 43 శాతం ఫిట్‌మెంట్‌తో తిరిగి డ్యూటీ ఎక్కారు.

నష్టం రెండు చోట్లా ఉంది. ఒకచోట జీతం పెరిగింది, ఇంకోచోట జీతమే పోయింది. ఈ తేడా ఎక్కడ పుట్టిందో చెప్పడానికే ఈ భాగం. పల్నాడుకు విమానాశ్రయం లేదు కదా, విమానాల గొడవ మనకెందుకని అనుకోవద్దు. ఈ రెండు కథలకూ వేరు ఒక్కచోటే ఉంది, ఆ వేరుకు మన నరసరావుపేటతో చుట్టరికమూ ఉంది.

ముందు ఆ వేరు సంగతి. నిజాం రాష్ట్ర రైల్వే 1932 జూన్‌లో రోడ్డు రవాణా విభాగాన్ని పెట్టింది. 27 బస్సులు, 166 మంది సిబ్బంది. నేటి రెండు ఆర్టీసీలకూ మొదటి మెట్టు అదే. అదే రైల్వే 1945లో టాటాలతో కలిసి డెక్కన్ ఎయిర్‌వేస్ అనే విమాన సంస్థను స్థాపించింది. బేగంపేట నుంచి డకోటా విమానాలు నడిచాయి. పట్టాల మీద రైలు, రోడ్డు మీద బస్సు, ఆకాశంలో విమానం ఒకే యాజమాన్యం నీడన నడిచిన రోజులవి. హైదరాబాదు సంస్థానం విలీనమయ్యాక మూడూ మూడు దారులు పట్టాయి. రైల్వే కేంద్రానికి పోయింది. బస్సుల విభాగం 1951 నవంబరు 1న విడిపోయి హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వ శాఖ అయింది. 1953 ఆగస్టు 1న దేశంలోని విమాన సంస్థలను జాతీయం చేసినప్పుడు డెక్కన్ ఎయిర్‌వేస్ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. ఆ రోజుల్లో బస్సు కార్మికుడైనా విమానం మెకానిక్కైనా సర్కారు సంస్థ ఉద్యోగే. జీతం ఎంత ఇవ్వాలన్నా ఏదో ఒక బల్ల చుట్టూ కూర్చుని తేల్చుకోవాల్సిందే.

అయితే నిజాం బస్సులు మన వైపు తిరగలేదు. కృష్ణ ఇవతల అంతా ప్రైవేటు సర్వీసులే. ఆర్టీసీ వచ్చాక కృష్ణా జిల్లా రూట్లను జాతీయం చెయ్యబోతే అక్కడి బస్సు యజమానులు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. గుళ్లపల్లి నాగేశ్వరరావు కేసని లా కాలేజీల్లో ఇప్పటికీ పాఠం చెప్పేది దాన్నే. అభ్యంతరాలు విన్నది రవాణా శాఖ కార్యదర్శే, అంటే పోటీదారుడే తీర్పరి అయ్యాడు, అది చెల్లదని 1958 నవంబరులో కోర్టు ఆ స్కీమును కొట్టేసింది. రెండోసారి ముఖ్యమంత్రే స్వయంగా విచారణ జరిపాక 1959లో నిలిచింది. ఆ తర్వాత కర్నూలు జిల్లా వంతు. ఆ జాతీయీకరణ కేసులో ప్రభుత్వం మీద సుప్రీంకోర్టు చేసిన వ్యాఖ్యలకు బాధ్యత వహించి 1964 ఫిబ్రవరిలో నీలం సంజీవరెడ్డి ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేశారు. ఆ కుర్చీలో కూర్చున్నది మన కాసు బ్రహ్మానందరెడ్డి. పుట్టింది నాదెండ్ల మండలం చిరుమామిళ్లలో, రాజకీయం చేసింది నరసరావుపేటలో. బస్సు రూట్ల తగాదా ఒక ముఖ్యమంత్రిని దించి పల్నాటి మనిషిని ముఖ్యమంత్రిని చేసింది. ఆయన 1971 సెప్టెంబరు వరకు పాలించారు. ఆర్టీసీని ఉత్త వ్యాపారంగా చూసేవాళ్లకు ఈ సంగతి గుర్తుండాలి. ఈ రాష్ట్రంలో బస్సు మొదటినుంచీ రాజకీయమే. జీతాల బేరమూ అందుకే ఎప్పుడూ డిపో మేనేజరు దగ్గర ఆగలేదు, ముఖ్యమంత్రి దాకా వెళ్లింది.

ఇక ఆ బేరం ఎలా సాగేదో చూద్దాం. ఆర్టీసీలో జీతాల ఒప్పందం నాలుగేళ్లకోసారి. గుర్తింపు సంఘం ఏదో కార్మికులే ఓట్లేసి తేల్చేవాళ్లు. ఎన్నికలొస్తే ఎంప్లాయీస్ యూనియన్, నేషనల్ మజ్దూర్ యూనియన్, స్టాఫ్ అండ్ వర్కర్స్ ఫెడరేషన్ జెండాలతో డిపో గేట్లు నిండిపోయేవి. గెలిచిన సంఘం కోర్కెల పత్రం ఇచ్చేది. యాజమాన్యం కాదంటే సమ్మె నోటీసు. బస్సు ప్రజోపయోగ సర్వీసు కాబట్టి 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం 14 రోజుల నోటీసు తప్పేది కాదు. నోటీసు పడగానే కార్మిక శాఖ కమిషనరు రెండు పక్షాలనూ పిలిచేవాడు. అక్కడ కుదిరి సంతకాలు పెట్టిన కాగితాన్నే కార్మికులు ‘ట్వెల్వ్ త్రీ’ అనేవాళ్లు. ఆ చట్టంలోని 12వ సెక్షను 3వ సబ్ సెక్షను కింద కుదిరింది కాబట్టి దాన్ని కాదనడం యాజమాన్యానికి అంత తేలికయ్యేది కాదు.

ఆ కాగితం మీద అంకె ఇంటి ఖర్చులోకి ఎలా దిగుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. ఒక కండక్టరు బేసిక్ 10,000 అనుకుందాం. అప్పటికి కరువు భత్యం 60 శాతం అనుకుంటే అది 6,000. కొత్త స్కేలులో ఈ రెండూ కలిసిపోతాయి. వాటి మీద పాత బేసిక్‌లో ఫిట్‌మెంట్ శాతం చేరుతుంది. 27 శాతమైతే కొత్త బేసిక్ 18,700. 43 శాతమైతే 20,300. తేడా నెలకు 1,600 రూపాయలు. చూడ్డానికి చిన్న మొత్తమే. కానీ ఆ తర్వాత వచ్చే ప్రతి డి.ఎ., ఇంటద్దె, పి.ఎఫ్., రిటైరయ్యే రోజు చేతికొచ్చే గ్రాట్యుటీ అన్నీ ఆ బేసిక్ మీదే లెక్క. మాచర్ల నుంచి హైదరాబాదు నైట్ సర్వీసు తోలి, పొద్దున అక్కడి డిపో రెస్ట్ రూములో నడుం వాల్చి, మళ్లీ రాత్రికి బండెక్కే డ్రైవరుకు ఆ 1,600 ఒక నెల సరుకుల్లో సగం. ఫిట్‌మెంట్ అన్న మాట వినపడగానే డిపో క్యాంటీనులో టీ గ్లాసులు పక్కనపెట్టి అందరూ దగ్గరికి జరిగేది అందుకే. ‘ఏందన్నా, ఈసారి ఎంతిస్తారంట?’ ఏ డిపోలో అయినా ఆ రోజుల్లో వినిపించింది ఈ ఒక్క మాటే.

పాత ఒప్పందం గడువు 2013 మార్చితో తీరింది. సరిగ్గా అప్పుడే సంస్థ మెడకు రెండు ఉచ్చులు బిగిశాయి. మొదటిది డీజిల్. 2013 జనవరిలో కేంద్రం పెద్ద మొత్తంలో కొనేవాళ్లకు డీజిల్ మీద సబ్సిడీ ఎత్తేసింది. బంకులో సామాన్యుడు కొనే ధర కన్నా ఆర్టీసీకి లీటరు దాదాపు పది రూపాయలు ఎక్కువ పడింది. డిపోలో సొంత బంకు ఉండగా ఆర్టీసీ బస్సులు రోడ్డు పక్క ప్రైవేటు బంకుల దగ్గర బారులు తీరిన విడ్డూరం అప్పుడే చూశాం. రెండోది రాష్ట్ర విభజన ఉద్యమం. సమైక్యాంధ్ర కోసం ఆ ఏడాది ఆగస్టు 12 అర్ధరాత్రి నుంచి సీమాంధ్ర డిపోలన్నీ మూతపడి దాదాపు రెండు నెలలు బస్సు కదల్లేదు. అది జీతం కోసం చేసిన సమ్మె కాదు. అయినా జీతం పోయింది కార్మికుడికి, రాబడి పోయింది సంస్థకు. రెండేళ్ల ముందు సకల జనుల సమ్మెలో తెలంగాణ డిపోలు 27 రోజులు ఆగినప్పుడూ ఇంతే. రాష్ట్రం కోసం పోరాడినప్పుడు ఆర్టీసీ కార్మికుణ్ణి అందరూ భుజానెత్తుకున్నారు. జీతం అడిగేసరికి ‘సంస్థ నష్టాల్లో ఉంది’ అన్న మాట ఎదురొచ్చింది.

ఆ నష్టాలు ఎక్కడివో కూడా చూడాలి. విద్యార్థుల పాసులు, ఇతర రాయితీలు ప్రభుత్వం ప్రకటిస్తుంది, ఆ సొమ్ము సంస్థకు సకాలంలో చేరదు. బొల్లాపల్లి మీదుగానో రెంటచింతల లోపలి ఊళ్లకో తిరిగే పల్లె వెలుగు బస్సుకు డీజిల్ ఖర్చయినా రాని రూట్లున్నాయి. వాటిని మానేస్తే ఆడపిల్లల కాలేజీ చదువు ఆగుతుంది కాబట్టి మానలేరు. లాభమొచ్చే హైదరాబాదు, బెంగళూరు రూట్లలో ప్రైవేటు ట్రావెల్స్ పోటీ. దానికి తోడు పన్ను. విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విమాన ఇంధనం మీద అమ్మకం పన్నును ఒక్క శాతానికి దించింది. విమానాలు రావాలి, పెట్టుబడులు రావాలి అన్నది వాదన. అదే ప్రభుత్వం డీజిల్ మీద 22.25 శాతం వ్యాటు వసూలు చేస్తూ 2015 ఫిబ్రవరిలో లీటరుకు మరో 4 రూపాయలు కలిపింది. విమానంలో తిరిగేవాడికి ఒక్క శాతం, కారెంపూడి సంతకు పోయే బస్సుకు 22 శాతం. ఆర్టీసీని ముంచింది జీతాలేనని వాదించేవాళ్లు ఈ లెక్కను ఎక్కడా చెప్పరు. దాన్ని దాచిపెట్టి కార్మికుణ్ణి వేలెత్తి చూపడం అన్యాయమని నా అభిప్రాయం.

2015 ఫిబ్రవరిలో రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ తమ ఉద్యోగులకు 43 శాతం ఫిట్‌మెంట్ ఇచ్చాయి. మాకూ అంతే ఇవ్వమని ఆర్టీసీ కార్మికులు అడిగారు. యాజమాన్యం 27 శాతం దగ్గర ఆగింది. ఆంధ్రలో ఎంప్లాయీస్ యూనియన్, తెలంగాణలో తెలంగాణ మజ్దూర్ యూనియన్ కలిసి మే 6 నుంచి బండ్లు ఆపేశాయి. రాష్ట్రం రెండు ముక్కలై ఏడాది కావస్తున్నా సంస్థ ఇంకా ఒక్కటే. ఉద్యమంలో ఎదురెదురుగా నిలబడినవాళ్లు జీతం దగ్గర ఒక్కటయ్యారు. ఇది నాకు ఆ సమ్మెలో అన్నిటికన్నా గొప్ప విషయంగా తోస్తుంది.

మే 8న ఆంధ్రలో ఎంసెట్. ఊళ్లనుంచి పిల్లల్ని పరీక్ష కేంద్రాలకు చేర్చడానికి తల్లిదండ్రులు నానా తంటాలు పడ్డారు. ఆటోలు, జీపులవాళ్లు అడిగినంత గుంజారు. యాజమాన్యం తాత్కాలిక డ్రైవర్లను పెట్టి అద్దె బస్సులు కొన్ని తిప్పింది. కేసు హైకోర్టుకెళ్లింది, సమ్మె మానమని కోర్టు చెప్పింది. సంఘాలు దిగిరాలేదు. చివరికి మే 13న ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు తెలంగాణ కార్మికులకు 44 శాతం ప్రకటించారు. అదే రోజు ఆంధ్ర ప్రభుత్వం 43 శాతానికి ఒప్పుకుంది. ఇద్దరు ముఖ్యమంత్రుల మధ్య ఉన్న పోటీ కార్మికుడికి కలిసొచ్చిందనడంలో సందేహం లేదు. కానీ పోటీ ఒక్కటే కారణమైతే ఎనిమిది రోజులు ఆగక్కర్లేదు.

అయితే గెలిచిన డబ్బంతా చేతికి రాలేదు. తెలంగాణలో పాత బకాయిల్లో కొంత భాగాన్ని బాండ్లుగా ఇచ్చారు. ఆ బాండ్ల సొమ్ము విడుదల చేస్తున్నామని ప్రభుత్వం ప్రకటించింది 2024 ఫిబ్రవరిలో! 2013 నుంచి రావాల్సిన జీతం పదకొండో ఏట. ఈలోపు ఎంతమంది రిటైరయ్యారో, ఎంతమంది ఆ డబ్బు చూడకుండానే పోయారో. కార్మికులు నెలనెలా తమ జీతంలోంచి దాచుకున్న సహకార పరపతి సంఘం డబ్బును, సి.సి.ఎస్. అంటారు దాన్ని, సంస్థ వాడేసుకుంది. కూతురి పెళ్లికి లోను పెట్టుకుంటే సంఘం దగ్గర డబ్బు లేదనే జవాబు. నష్టాల్లో ఉన్న సంస్థకు అప్పిచ్చింది బ్యాంకులే కాదు, సొంత కార్మికులు కూడా.

ఇప్పుడు విమానాల వైపు చూద్దాం. కింగ్‌ఫిషర్‌లో 2012 మార్చి నుంచి జీతాలు ఆగాయి. సెప్టెంబరు చివర్లో ఇంజనీర్లు పని మానేశారు. విమానం ఎగరడానికి యోగ్యంగా ఉందని వాళ్లు సంతకం పెడితేగాని కదలదు కాబట్టి సంస్థ మొత్తం ఆగింది. అక్టోబరు 20న లైసెన్సు సస్పెండయింది. ఆ తర్వాత దీపావళిలోగా కొన్ని నెలల జీతమిస్తామన్న హామీ మీద సిబ్బంది పనిలోకి వస్తామన్నారు. కానీ ఆ విమానాలు మళ్లీ ఎగరలేదు. జెట్ ఎయిర్‌వేస్‌లో 2019 మొదట్లోనే జీతాలు ఆగాయి. పైలట్ల సంఘం పని ఆపుతామని గడువు పెట్టింది, బ్యాంకులు డబ్బిస్తాయన్న ఆశతో ఆ గడువును వాయిదా వేసింది. ఏప్రిల్ 17 రాత్రి అమృత్‌సర్ నుంచి ముంబయికి చివరి విమానం దిగింది. వేలమంది రోడ్డున పడ్డారు. వాళ్ల పి.ఎఫ్., గ్రాట్యుటీ పూర్తిగా కట్టాల్సిందేనని సుప్రీంకోర్టు ఖాయం చేసింది 2023 జనవరిలో. 2024 నవంబరులో అదే కోర్టు జెట్‌ను అమ్మేసి అప్పులు తీర్చమంది.

ఈ సంస్థల్లో సంఘాలు లేకపోలేదు. పైలట్లకున్నాయి, ఇంజనీర్లకున్నాయి. అయినా చేతులు ఖాళీ. ఎందుకంటే విమానం సంస్థది కాదు, అద్దెది. అద్దె ఆగితే అద్దెకిచ్చిన విదేశీ కంపెనీ విమానాన్ని ఎగరేసుకుపోతుంది. ఇక మిగిలేది పేరు, అప్పు. సమ్మెలో కార్మికుడి బలం పని ఆపడంలో ఉంటుంది. అవతల ఎలాగూ ఆగిపోబోతున్న సంస్థ అయితే ఆ బలానికి అర్థం లేదు. పైగా విమానయానంలో ఖర్చులో మొదటి పద్దు ఇంధనం, తర్వాత డాలర్లలో కట్టే అద్దెలు. జీతాలు సగం కోసినా ఆ సంస్థ బతకదు. ఆర్టీసీలో అలా కాదు. బస్సులు చాలావరకు సంస్థవే, డిపో స్థలాలు సంస్థవే. పెద్ద పద్దు జీతాలే. అన్నిటికీ మించి దాన్ని మూసేస్తామనే ధైర్యం ఏ ప్రభుత్వానికీ లేదు. గురజాల, దాచేపల్లి పల్లెల్లో బస్సు ఆగిన రెండో రోజుకే ఎమ్మెల్యే ఫోను మోగుతుంది. విమానం ఆగితే ప్రయాణికుడు ఇంకో విమానం ఎక్కుతాడు.

ప్రభుత్వ సొమ్ముతో నడిచిన ఎయిర్ ఇండియా ఈ రెండిటికీ మధ్య ఉంది. 2007లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌ను అందులో కలిపారు కానీ జీతాలు కలపలేదు. ఒకే సంస్థలో ఒకే పనికి రెండు జీతాలు. 2011లో ఒక పైలట్ల సంఘం పది రోజులు, 2012లో ఇంకో సంఘం 58 రోజులు సమ్మె చేశాయి. రెండోసారి ప్రభుత్వం వందమంది పైలట్లను తీసేసింది, సమ్మె కోర్టు సమక్షంలో ముగిసింది. ప్రభుత్వం వెనక ఉన్నంతకాలం జీతం ఆలస్యమైనా వచ్చింది. 2022 జనవరి 27న సంస్థ తిరిగి టాటాల చేతికి వెళ్లింది. ఒకప్పటి డెక్కన్ ఎయిర్‌వేస్ వారసత్వం కూడా దానితోపాటే వెళ్లింది.

మూసేసే ధైర్యం ఏ ప్రభుత్వానికీ లేదన్న మాటకు 2019లో పెద్ద పరీక్ష వచ్చింది. అక్టోబరు 5న, దసరా ముందు, తెలంగాణ ఆర్టీసీలో 48 వేల మందికి పైగా సమ్మె కట్టారు. ఇరవై ఆరు కోర్కెల్లో మొదటిది ప్రభుత్వంలో విలీనం. వాళ్లంతట వాళ్లే ఉద్యోగాలు పోగొట్టుకున్నారని ముఖ్యమంత్రి ప్రకటించారు. సమ్మెకు ముందు పనిచేసిన సెప్టెంబరు నెల జీతం కూడా ఆపారు. ఖాతాలో ఏడున్నర కోట్లే ఉందని యాజమాన్యం హైకోర్టుకు చెప్పింది. ఖమ్మం డ్రైవరొకరు ఒంటికి నిప్పంటించుకుని అక్టోబరు 13న కన్నుమూశారు. సగం రూట్లు ప్రైవేటుకిస్తామని మంత్రివర్గం తీర్మానించింది. విలీనం కోర్కెను పక్కనపెట్టినా బల్ల దగ్గరికి పిలుపు రాలేదు. యాభై రోజులు దాటాక నవంబరు 25న సంఘాల ఐక్య కార్యాచరణ సమితి ఏమీ దక్కకుండానే సమ్మె విరమించింది. అయినా డిపో గేట్ల దగ్గర పోలీసులు వెనక్కి పంపారు. 28న ముఖ్యమంత్రి అనుమతిస్తే 29న డ్యూటీ ఎక్కారు. తర్వాత ఆయనే కార్మికుల్ని భోజనానికి పిలిచి సమ్మె కాలం జీతమిస్తామన్నారు, రిటైర్మెంట్ వయసు 60కి పెంచారు. ఇచ్చినవి మంచివే. కానీ అవి ఒప్పందంగా రాలేదు, దయగా వచ్చాయి. సంఘాల స్థానంలో డిపోకొక సంక్షేమ మండలి పెట్టారు. సంఘమే లేకుండా పోయాక, ఇచ్చిన వరాన్ని రేపు వెనక్కి తీసుకుంటే అడిగేదెవరు?

మన రాష్ట్రంలో కథ వేరే దారి పట్టింది. 2019 ఫిబ్రవరిలో సమ్మె నోటీసు మీద 25 శాతం ఫిట్‌మెంట్ కుదిరింది. జూన్ 13 నుంచి మళ్లీ సమ్మె అనుకుంటుండగా కొత్తగా వచ్చిన జగన్మోహనరెడ్డి ప్రభుత్వం విలీనానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. విశ్రాంత పోలీసు అధికారి ఆంజనేయరెడ్డి కమిటీ నివేదిక ఇచ్చింది, డిసెంబరులో శాసనసభ చట్టం చేసింది. 2020 జనవరి 1 నుంచి 51 వేలకు పైగా ఆర్టీసీ ఉద్యోగులు ప్రజా రవాణా శాఖలో ప్రభుత్వోద్యోగులయ్యారు. మూడు నెలలు తిరక్కుండానే కరోనా వచ్చింది. మార్చి చివరి నుంచి మే 21 వరకు బస్సు కదల్లేదు. టిక్కెట్ల రాబడి సున్నా. పాత ఆర్టీసీగానే ఉండి ఉంటే ఆ నెలల జీతం ఎక్కణ్ణుంచి వచ్చేది? ప్రభుత్వోద్యోగులందరికీ చేసినట్టే కొంత వాయిదా వేసినా ఖజానా నుంచి జీతం వచ్చింది. అదే ఏడాది జులైలో, దేశంలో అన్నిటికన్నా బలమైన విమాన సంస్థ ఇండిగో పదిశాతం సిబ్బందిని తీసేస్తున్నట్టు ప్రకటించింది. ఆ ఒక్క ఏడాది చాలు, విలీనం మేలు ఏమిటో చెప్పడానికి.

కానీ పోగొట్టుకున్నదీ ఉంది. 1964 నాటి ప్రవర్తనా నియమావళి ప్రకారం ప్రభుత్వోద్యోగి సమ్మె చెయ్యకూడదు. గుర్తింపు సంఘం ఎన్నిక, నాలుగేళ్ల ఒప్పందం, కార్మిక కమిషనరు ముందు సంతకాలు అన్నీ చరిత్రలో కలిసిపోయాయి. ఇప్పుడు ఫిట్‌మెంట్ అంటే ప్రభుత్వోద్యోగుల వేతన సవరణ సంఘం (పి.ఆర్.సి.) ఎంతంటే అంత. సచివాలయ ఉద్యోగికీ, శ్రీశైలం ఘాటు మీద స్టీరింగు పట్టుకున్న డ్రైవరుకూ ఒకే సూత్రం. నైట్ అవుట్ భత్యం, డ్యూటీ గంటలు, గ్యారేజీలో శ్రామిక్‌లకు కావాల్సిన పనిముట్లు వంటి బస్సుకే సంబంధించిన సంగతులు ఆ పెద్ద బల్ల మీద చిన్నవైపోతాయి. మహిళలకు ఉచిత ప్రయాణం 2025 ఆగస్టు 15 నుంచి వచ్చాక బస్సులు కిక్కిరిశాయి. ఆ రద్దీలో నిలబడి జీరో టిక్కెట్లు కొట్టే కండక్టరు పనిభారాన్ని ఎవరితో కూర్చుని లెక్కగడతారు? కరోనా కాలంలో విలీనం చేసిన మేలు ఒప్పుకుంటూనే చెబుతున్నాను, బేరమాడే హక్కును పూర్తిగా వదులుకోవడం పెద్ద నష్టమే. విలీనమైన ఉద్యోగులకు శాఖ స్థాయిలోనైనా ఒక సంప్రదింపుల వేదికను చట్టబద్ధంగా ఏర్పాటు చెయ్యాలి.

ఈ మొత్తం కథలో ఏ బల్ల దగ్గరా కనపడని మనిషి ఒకడున్నాడు. ఆర్టీసీ రంగు వేసుకుని తిరిగే అద్దె బస్సు డ్రైవరు. నరసరావుపేట నుంచో పిడుగురాళ్ల నుంచో మీరెక్కే బస్సు అద్దెదైతే దాని డ్రైవరు విలీనంలో లేడు, పి.ఆర్.సి.లో లేడు. అతని జీతం బస్సు యజమాని నోటి మాట. ఎయిర్ కోస్టాలో సామాన్లు మోసిన కుర్రాడి స్థితికీ అతని స్థితికీ తేడా లేదు. ఆర్టీసీ ఆ యజమానులతో చేసుకునే అద్దె ఒప్పందంలోనే డ్రైవరు కనీస జీతం, పి.ఎఫ్. రాసి ఉండాలి. అవి కట్టిన రసీదు చూపిస్తేనే అద్దె బిల్లు పాస్ కావాలి. దీనికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు, టెండరు కాగితంలో నాలుగు వాక్యాలు చాలు.

చివరగా పాఠకులకు ఒక విన్నపం. 2001లో ఇరవై నాలుగు రోజులు జరిగిన సమ్మె నుంచి 2015 దాకా మన ఆరు డిపోల్లో పంచిన కరపత్రాలు, గేట్ మీటింగుల ఫొటోలు, సంఘం ఎన్నికల వాల్ పోస్టర్లు, పాత జీతం స్లిప్పులు మీ ఇళ్లలో అటకల మీద ఉండే ఉంటాయి. మీ నాన్నో బాబాయో రిటైరయ్యాక వాటిని పాత కాగితాలవాడికి తూకానికి వెయ్యకండి. మీకు దగ్గర్లోని శాఖా గ్రంథాలయంలో ఒక జిరాక్సు ఇచ్చి, తేదీ, డిపో పేరు వెనక రాయించండి.